సైకిళ్ళ వెనక వ్యాను

పాట మళ్ళీ మొదటికి వచ్చింది. అంటే విక్టర్ అన్న చూపు ఇంకా గుమ్మం మీదే ఉందన్నమాట, నేను పనిచేసే ఇంటి మేడమ్ మెట్లెక్కి వచ్చేదాకా పాట ఇలా చరణం నుంచి పల్లవికీ పల్లవి నుంచి చరణానికీ తిరుగుతూనే ఉంటుంది, ప్రార్థన మొదలవదు, దేవుడైనా కాసేపు ఆగాల్సిందే. బహ్రెయిన్‌లో, నయీమ్ పేటలో దర్జీ కొట్టు మీద ఉన్న ఈ గదిలో మామూలుగా అందరం చాపల మీదే కూర్చుంటాం, ఆడవాళ్ళం కిటికీ వైపు, మగవాళ్ళు తలుపు వైపు. ఎవరు ఏ లేబర్ క్యాంపు నుంచి వచ్చినా, ఎవరి ఇంట్లో అంట్లు తోమినా చాప మీద అందరం ఒకటేనని సంఘ పెద్ద విక్టర్ అన్నే ప్రతి శుక్రవారం చెబుతాడు. ఇవాళ మాత్రం ముందు రెండు కుర్చీలు పడ్డాయి, వాటి మీద తెల్ల గుడ్డలు పరిచారు, ఆ గుడ్డలు ఇస్త్రీ చేసింది నేనే. "అమ్మా ఎస్తేరు, నీ చేతి ఇస్త్రీ బాగుంటుంది" అని పొద్దున రాగానే చేతిలో పెట్టాడు. బాగుంటుంది, ఎందుకు బాగుండదు, ఇటలీ అంతా అదే చేసి వచ్చాను. గోడ మీద నా ఫొటో పెద్దది చేయించి అంటించారు. నెత్తిన ప్లాస్టిక్ టోపీ, చేతులు సైకిలు హేండిల్ మీద, వెనక కొండలు, ఒక కొండ నెత్తిన చుట్టూ గోడ కట్టిన పాతకాలపు ఊరు, నేను నవ్వుతున్నాను. కింద రంగు స్కెచ్‌పెన్నులతో ఇటలీ దేశమును దర్శించిన మన సహోదరి అని రాశారు. దర్శించిందట. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ముందు ఆ ఫొటో దగ్గరికి వెళ్ళి, తర్వాత నా దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని ఎంత ధన్యురాలివమ్మా అంటుంటే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టుంది. ఆ ఫొటో చూపించే నా సెలవు తీసేసుకున్నారని వీళ్ళలో ఎవరికీ తెలియదు.

సెలవంటే రెండేళ్ళకోసారి ఇంటికి పంపే సెలవు. అది ఈ డిసెంబరులో రావాలి. వస్తే నేను వేటపాలెం వెళ్ళి మా అమ్మాయి మెర్సీ బాప్తిస్మం చూడాలి. మేడమేమో ఇటలీ తీసుకెళ్ళాం కదా, అదే నీ సెలవు, అయిపోయింది అంటోంది. అయిపోయిందట, నా సెలవు అయిపోయిన సంగతి నాకే తెలియలేదు. ఇప్పుడు ఆవిడే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే నేను ఎదురుగా నిలబడి, నాకు ఇటలీ చూపించిన దేవుడికీ, చూపించిన మేడమ్‌కీ కృతజ్ఞతలు చెబుతూ సాక్ష్యం ఇవ్వాలి. నేను తెలుగులో చెబితే విక్టర్ అన్న ఇంగ్లీషులోకి మార్చి చెబుతాడు. నిన్న ఫోనులో అంతా విన్నాడు ఆయన, నేను ఏడ్చింది కూడా విన్నాడు, విని "నీ సొంత సంగతులు రేపు ఎత్తబాకమ్మా, సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం, ఫిర్యాదు కాదు" అన్నాడు. ఆయన బాధ ఆయనది. ఈ గది యజమాని మా పాటల చప్పుడు పడలేక ఖాళీ చెయ్యమన్నాడు. మా సార్ కంపెనీకి జింజ్‌లో ఒక హాలుంది, శుక్రవారాలు తాళం వేసే ఉంటుంది. సార్ సరేనంటే సంఘానికి నీడ దొరుకుతుంది. అందుకే ఈ కుర్చీలు, ఈ గుడ్డలు, ఈ ఫొటో. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా డిసెంబరు ఇచ్చి సంఘానికి హాలు తెచ్చుకుంటారు కాబోలు. ఇంతమందికి తల దాచుకునే చోటు పోగొట్టిన దానివి అవుతావా అని రాత్రంతా నన్ను నేనే అడిగాను, అడిగిన కొద్దీ కోపం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఇంతమందికీ కావలసింది నా ఒక్కదాని నోటిలోంచే ఎందుకు రావాలి?

పక్కన కూర్చున్న సుబ్బాయమ్మ మోచేత్తో పొడిచింది. సుబ్బాయమ్మది కోనసీమ, మా ఇంటి వెనక ఇంట్లో పని, నుదుటి మీద రూపాయంత బొట్టు, మెడలో తిరుపతి బిళ్ళ, అయినా ప్రతి శుక్రవారం నాతో వస్తుంది. "మీ దేవుడి కోసం కాదే, వారానికోసారి తెలుగు మాట సెవిలో పడకపోతే నాకు పిచ్చెక్కుద్ది" అంటుంది.

"ఏటే, అలా బిగుసుకుపోయావు? ఏం సెప్తావో అనుకున్నావా?"

"ఏమీ అనుకోలేదు."

"అనుకోడానికేముందే, జరిగింది సెప్పు. లేంది సెప్తే మీ దేవుడు మాత్రం ఒప్పుకుంటాడేటి?"

జరిగింది చెప్పడం తేలికనుకుంటుంది. జరిగింది ఎక్కణ్ణించి మొదలెట్టను, జల్లాఖ్ రోడ్డు నుంచా? ఇటలీకి ముందు నెలల తరబడి ప్రతి శుక్రవారం తెల్లవారకముందే సార్, మేడమ్ కారు మీద సైకిళ్ళు కట్టుకుని జల్లాఖ్ వైపు బయల్దేరేవాళ్ళు, వెనక సీట్లో నేను, నా ఒళ్ళో వాళ్ళ లూసీ పాప. సముద్రం పక్కన కారు ఆపి, బిగుతు నిక్కర్లు వేసుకుని, వాళ్ళు తొక్కుకుంటూ పోయేవాళ్ళు, నేను కారులో పిల్లకి పాలు పట్టుకుంటూ కూర్చునేదాన్ని. శుక్రవారం నాది అని మాట, ఆ నెలల్లో ఒక్క ప్రార్థనకీ రాలేకపోయాను, విక్టర్ అన్నే ఒకసారి ఎదురుపడి లోకంలో పడిపోయావా ఎస్తేరు అని అడిగాడు. లోకంలో పడలేదన్నా, కారులో పడ్డాను. ఈ దేశంలో ఎత్తు లేదు, ఇసకా చదునూ తప్ప, ఇటలీ కొండలు ఎక్కాలంటే కాళ్ళు గట్టిపడాలని మేడమ్ ఎండలో తొక్కి తొక్కి మూతి ఎర్రగా చేసుకుని వచ్చి, నీళ్ళ సీసా నా చేతిలోంచి లాక్కుని, హాలిడే అంటే ఇలా ఉండాలి ఎస్తేరు అనేది. ఎవరి పిచ్చి వారికానందం. మా ఆయన యెహోషువ వేటపాలెం మగ్గాల దగ్గర చీరలు ఎత్తుకుని, మూట సైకిలు వెనక కట్టుకుని, పర్చూరు దాకా ఊరూరా తిరిగి అమ్ముతాడు, ఎదురుగాలికి తొక్కలేక దిగి నెట్టుకుంటూ వచ్చిన రోజులు ఎన్నో, రాత్రి పిక్కలకి నూనె రాసేదాన్ని. ఆయనకి కామెర్లు వచ్చిన ఏడు ఆ మూట నేనే కట్టుకుని తొక్కాను, లంగా అంచు చైనులో పడి చిరిగితే ముడేసుకుని మళ్ళీ తొక్కాను. మేము పుట్టినప్పటి నుంచీ హాలిడేలోనే ఉన్నామని మాకెవరూ చెప్పలేదు.

పోనీ ఇటలీ. అక్కడ ఒక కంపెనీ వాళ్ళు అద్దెకి సైకిళ్ళిస్తారు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్ళాలో దారి చెబుతారు, రాత్రి ఎక్కడ పడుకోవాలో గది చూపిస్తారు. తొక్కేవాళ్ళు ఒంటి మీద బట్టలతో చేతులూపుకుంటూ పోతారు, సామాను వెనక వ్యానులో వస్తుంది. ఆ సామానులో నేనూ ఒకదాన్ని. ముందు సీట్లో బెప్పే అని ముసలి డ్రైవరు, వెనక పెట్టెలు, పెట్టెల మధ్య లూసీ పాప కుర్చీ, దాని పక్కన నేను. బెప్పే మంచివాడు, మాట్లాడ్డానికి మా ఇద్దరికీ ఒక్క మాట కలవకపోయినా కొండ మలుపు రాగానే చెయ్యి చూపించి గర్వంగా ఏదో చెప్పేవాడు, నేను తలూపేదాన్ని. అందంగా లేదని ఎందుకంటాను, అబద్ధం చెప్పను. పొద్దుతిరుగుడు చేలు మా దగ్గర చూశాను గానీ కొండ మీంచి కిందకి జారుతున్నట్టున్న చేలు అక్కడే చూశాను. ఒలీవ చెట్లని చూసి మొదటిరోజు ఏడ్చాను. చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యంలో వింటున్న చెట్టు, పాటల్లో పాడిన చెట్టు, చూస్తే దానిమ్మ ఆకంత ఆకుతో, వంకరటింకర మొదలుతో, దుమ్ము కొట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఆపమని బెప్పేకి చెయ్యి చూపించబోయి ఊరుకున్నాను, ఎందుకంటే సైకిళ్ళ కన్నా ముందు మేము గదులకి చేరాలి, పాపకి వేణ్ణీళ్ళు పెట్టాలి, వాళ్ళు చెమటతో దిగేసరికి తువ్వాళ్ళు తీసి ఉంచాలి. ఒక్క చెట్టు కింద నిలబడలేదు నేను. ఇక్కడ మా వాళ్ళేమో అపొస్తలుణ్ణి బంధించిన చెరసాల చూశావా, రోమా పట్టణం ఎలా ఉంది అని అడుగుతున్నారు. రోమాలో నేను చూసింది విమానాశ్రయంలో పిల్లల గుడ్డలు మార్చే బల్ల ఒక్కటే.

ఆ ఊళ్ళన్నీ కొండల మీదే, సియెనా అని ఒకటి, వోల్తెర్రా అని ఒకటి, పేర్లు మేడమ్ చెబితే నేర్చుకున్నాను. రాతి గోడలు, రాతి బురుజులు, ఎప్పుడో రాజుల కాలంలో కట్టినవి, ఊళ్ళోకి వెళ్ళే వాకిలి దగ్గర బళ్ళు ఆపేస్తారు, లోపలికి సైకిలో నడకో తప్ప వ్యాను పోనివ్వరు. వాళ్ళు వాకిట్లోంచి తొక్కుకుంటూ లోపలికి పోయి, బజారులో కూర్చుని, ద్రాక్షారసం తాగి, బురుజులెక్కి వచ్చేదాకా మేము గోడ బయట, బళ్ళు పెట్టే చోట. నేను చూసిన ఇటలీలో సగం గోడ బయట వైపే. ఇక ఆ ఫొటో సంగతి. ఒక మధ్యాహ్నం కొండ మీద ఆగారు, మేడమ్ హుషారుగా ఉంది, నువ్వూ ఒకటి దిగు ఎస్తేరు అని తన టోపీ తీసి నా నెత్తిన పెట్టింది, చెమటకి తడిగా ఉంది అది, సైకిలు నా చేతికిచ్చి ఎక్కమంది. ఎక్కాను. సీటు మీద కూర్చోగానే కాళ్ళు వాటంతటవే పెడళ్ళు వెతుక్కున్నాయి, ఎదురుగా దిగుడు రోడ్డు, గాలి, అటూ ఇటూ చేలు, ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మలుపు దాకా పోయి వద్దామనిపించి నవ్వాను, ఫొటోలో ఉన్నది ఆ నవ్వే. సార్ ఫొటో తీశారు. నేను కాలు నేల మీంచి ఎత్తి కాస్త దూరం కదిలానో లేదో వెనక నుంచి "వద్దొద్దు ఎస్తేరు, పడతావు, సైకిలు అద్దెది!" అని మేడమ్ కేక. దిగాను. టోపీ ఇచ్చేశాను. వెళ్ళి పాప ముడ్డి కడిగాను. అది జరిగింది. ఆ ఫొటోని వంటగదిలో నా ముందు బల్ల మీద పెట్టి, చూడు ఎంత సంతోషంగా ఉన్నావో, ఇది హాలిడే కాదా అని అడిగింది మేడమ్, దొంగని రుజువుతో పట్టుకున్నట్టు.

పాట ఆగింది. వచ్చారు. ముందు సార్, వెనక మేడమ్ పూల గౌనులో, పాప చంకలో, అందరూ లేచి నిలబడ్డారు, నాకూ కాళ్ళు లేచాయి, ఎన్నేళ్ళ అలవాటో. విక్టర్ అన్న ఎదురెళ్ళి కుర్చీలు చూపించాడు. కూర్చోకముందే మేడమ్ కళ్ళు ఆడవాళ్ళ వైపు తిరిగాయి, నన్ను పట్టుకున్నాయి, నవ్వింది, చాపల మధ్య దారి చేసుకుంటూ వచ్చి లూసీ పాపని నా ఒళ్ళో దించి, బుగ్గ మీద చిన్నగా తట్టి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. శుక్రవారం. నా శుక్రవారం. పిల్ల నా మెడలో చేతులేసి నిద్రకి తల వాల్చేసింది. పిల్ల మీద నాకేం కోపం లేదు, వొళ్ళో పెరిగిన పిల్ల, కళ్ళు నులుముకుంటే ఎందుకు నులుముకుంటోందో వాళ్ళమ్మ కన్నా నాకే ముందు తెలుస్తుంది. కోపమంతా ఆ నవ్వు మీద. అడగకుండా నా ఒళ్ళో పెట్టిపోయిన ఆ చేతుల మీద. "సూడు, సెలవు రోజు కూడా డ్యూటీ ఏసి పోయింది" అని సుబ్బాయమ్మ పళ్ళ మధ్య నుంచి అంది, ముందు వరసలో ఎవరో ఉష్ అన్నారు, విక్టర్ అన్న కళ్ళు మూసుకుని అతిథులను బట్టి దేవుడికి వందనాలు చెప్పడం మొదలుపెట్టాడు.

మెర్సీ ఇలాగే పడుకునేది, నోరు కొంచెం తెరిచి. ఇప్పుడు నా భుజం దాకా వచ్చిందట, యెహోషువ చెప్పాడు. మా సంఘంలో చిన్నపిల్లలకి నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇవ్వరు, ఊహ వచ్చి, తనంతట తాను కావాలని అడిగాక, కొమ్మమూరు కాలవలో నడుములోతు నీళ్ళలో నిలబెట్టి పాస్టరుగారు ముంచి లేపుతారు, క్రిస్మస్ ముందు ఆదివారం. ఆడపిల్లయితే గట్టు మీద వాళ్ళమ్మ పాత చీర పట్టుకుని నిలబడాలి. కొత్తది కాదు, కట్టి ఉతికి మెత్తబడిన చీర. పిల్ల తడిసి ముద్దయి వణుకుతూ గట్టెక్కగానే అందరికన్నా ముందు అమ్మ ఆ చీర చుట్టాలి. మా అమ్మ నాకు చుట్టింది, ఆకుపచ్చ నూలు చీర, సాంబ్రాణీ పొగా కలిసిన వాసన, నీళ్ళలో ఏం ప్రమాణం చేశానో మర్చిపోయాను గానీ ఆ వాసన మర్చిపోలేదు. మెర్సీ కిందటేడే అడగాల్సింది. తోటి పిల్లలంతా దిగారు, ఇది దిగలేదు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె తీసుకోవడానికి వాళ్ళందరూ లేచి వెళుతుంటే ఇది ఒక్కతే చాప మీద చిన్నపిల్లల మధ్య కూర్చుని ఉంటుందట, పాస్టరమ్మగారు ఏం మెర్సీ నీకింకా నమ్మకం కుదరలేదా అని అందరి ముందు అడిగిందట. నమ్మకం కుదరక కాదు. ఊళ్ళో ఫోను బూత్‌కి పిలిపించి మాట్లాడితే చెప్పింది, గొంతు కూడా మారిపోయింది దానికి. "పెద్దమ్మ చీర చుట్టుద్దంట. నాకొద్దు. నువ్వొచ్చినాకే దిగుతా. ఈ యేడన్నా వస్తావా, రావా, అది చెప్పు ముందు." వస్తానన్నాను. ఒట్టేసి వస్తానన్నాను, నా సెలవు నాకు ఉందన్న ధైర్యంతో అన్నాను. అప్పటికి ఇటలీ వెళ్ళి వచ్చేశాను, వస్తూ వస్తూ ఆ సెలవుని అక్కడ పారేసుకొచ్చానని నాకెలా తెలుస్తుంది?

ఒక్కసారి లోపలికి వెళ్ళాను, గోడ లోపలికి. అది చెప్పుకోవాలంటే చెప్పుకోవచ్చు సాక్ష్యంలో. ఏ ఊరో పేరు తెలియదు, చిన్న ఊరు, పాప ఏడుపు ఆపడం లేదు, బెప్పే సైగ చేశాడు తిప్పి తీసుకురా అని. వాకిలి దాటి రాతి సందులో నడిచాను, మేడల మధ్య తాళ్ళ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, ఎవరింట్లోనో వెల్లుల్లి వేగుతున్న వాసన, సందు చివర గుండ్రటి పాత కట్టడం, పైన సిలువ, తలుపు తీసే ఉంది. లోపల చల్లగా ఉంది. మధ్యలో రాతి తొట్టి, తొట్టి అనకూడదు, మనిషి దిగేటంతది, దిగడానికి మెట్లున్నాయి. చూడగానే తెలిసిపోయింది నాకు, ఎవరూ చెప్పక్కర్లేదు, అది బాప్తిస్మం ఇచ్చే చోటు. చుక్క నీళ్ళు లేవు, అడుగున దుమ్ము. ఎన్ని వందల ఏళ్ళ కింద ఎంతమంది దిగారో ఆ మెట్లు మధ్యలో అరిగి ఉన్నాయి. దిగినవాళ్ళ అమ్మలు ఎక్కడ నిలబడి ఉంటారా అని చుట్టూ చూశాను, ఇదుగో ఇక్కడ నిలబడి ఉంటారని ఒక చోట నిలబడ్డాను, పాపని చంకనేసుకుని. అక్కడే ప్రార్థన చేశాను, ఏమని చేశాను, డిసెంబరు అని ఒక్క మాటే అన్నాను కాబోలు, ఇంకేమీ గుర్తు లేదు. వెనక నుంచి అడుగుల చప్పుడు, మేడమ్, ఒగరుస్తూ, ఎక్కడికి పోయావు ఎస్తేరు, మేమెంత కంగారు పడ్డామో, పాపకి ఎండ టోపీ కూడా పెట్టలేదు. లోపల ఎండ లేదు మేడమ్ అందామనుకున్నాను. ఆవిడ ఆ తొట్టి వంక ఒకసారి చూసి అందంగా ఉంది కదా అని, సార్ దగ్గర కెమెరా ఉందో లేదో అని తొందరగా బయటకి పోయింది.

బహ్రెయిన్ తిరిగొచ్చాక అడిగాను. ఉల్లిపాయలు తరుగుతూ, ఏదో మామూలు సంగతి అడిగినట్టు, మేడమ్, డిసెంబరులో ఇంటికి వెళ్ళాలి కదా, టికెట్టు ఎప్పుడు తీస్తారు అని. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. అదే నాకు ఎక్కువ మండింది, కుళ్ళుబుద్ధితో అంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని, ఆవిడ మనస్ఫూర్తిగా ఆశ్చర్యపోయింది. అయ్యో ఎస్తేరు, నువ్విప్పుడే కదా హాలిడే నుంచి వచ్చావు! ఇటలీ! ఎంతమందికి దొరుకుతుంది! ఇంక మళ్ళీ రెండేళ్ళకి. నేను మెర్సీ సంగతి చెప్పాను, కాలవ సంగతి, చీర సంగతి, నాకొచ్చిన వంటింటి ఇంగ్లీషులో ఎంత చెప్పగలనో అంత. ఎంత ముచ్చటగా ఉందో అంది. ఫొటోలు పంపించమను, చూద్దాం అంది. ఆ తర్వాతే ఆ సైకిలు ఫొటో తెచ్చి నా ముందు పెట్టింది. పాస్‌పోర్టు సార్ బీరువాలో, టికెట్టు వాళ్ళ చేతిలో, నా వీసాకి పూచీపడ్డ కఫీల్ అంటే వాళ్ళే, ఇంక ఎవరితో చెప్పుకోను? సెలవా సింగినాదమా అని లోపల్లోపల కుతకుతలాడుతూ ఆ ఉల్లిపాయలే తరిగాను, కళ్ళలో నీళ్ళు వచ్చినా ఎవరూ ఎందుకని అడగరు కదా.

వాక్యం అయిపోయినట్టుంది. విక్టర్ అన్న కృతజ్ఞత గురించి చెప్పాడు, తెలుగులో ఒక ముక్క, ఇంగ్లీషులో ఒక ముక్క, కుర్చీల వైపు తిరిగి. లెక్క చూసుకోకుండా ఇచ్చే యజమానులు ఎక్కడో గానీ దొరకరని చెప్పాడు. వెనక క్యాంపుల నుంచి వచ్చిన మగపిల్లలు తలలూపుతున్నారు, వాళ్ళ తప్పేముంది, గోడకున్న ఫొటో చూసి నిజమే అనుకుంటారు, వాళ్ళని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. నాలాంటి ఆడవాళ్ళు మాత్రం ఫొటో చూడడం లేదు, నా ఒళ్ళో పాపని చూస్తున్నారు. చూడండి. బాగా చూడండి. హాలు. జింజ్‌లో హాలు. ఏసీలు నాలుగు ఉన్నాయట, కుర్చీలు మడతపెట్టేవి ఉన్నాయట, అందరం కుర్చీల మీద కూర్చుని పాడుకోవచ్చట. పాడుకోండి. నేను ఏమని పాడను? నాకు ఇటలీ చూపించావు దేవా అనా, నా బిడ్డని గట్టు మీదే ఆపేశావు దేవా అనా? అబద్ధం దేవుడి పేరుతో చెబితే పాపం తగ్గుతుందా? విక్టర్ అన్న నా వైపు తిరిగాడు, చెయ్యి చాపాడు.

"ఇప్పుడు మన సహోదరి ఎస్తేరు."

లేచాను. పాప నిద్రపోయింది, ఒళ్ళంతా బరువు. చాపల మధ్య నుంచి ముందుకి నడిచి, ఒంగి, పాపని మేడమ్ ఒళ్ళో పడుకోబెట్టాను. ఆవిడ చేతులు ఒక క్షణం ఎక్కడ పెట్టాలో తెలియక తడబడ్డాయి. నేను పక్కకి జరిగి ముసుగు సర్దుకున్నాను.

"అందరికీ వందనాలు."

స్తోత్రం అన్నారు అందరూ.

"మా మేడమ్‌గారు, సార్‌గారు నన్ను ఇటలీ దేశం తీసుకెళ్ళారు."

విక్టర్ అన్న ఇంగ్లీషులో చెప్పాడు, గొంతులో చక్కెర కలిసింది. మేడమ్ తల వంచి నవ్వింది. స్తోత్రం, స్తోత్రం.

"వాళ్ళు సైకిళ్ళు తొక్కారు. నేను వెనక వ్యానులో పాపనీ సామానునీ చూసుకున్నాను. ఉతికాను, ఇస్త్రీ చేశాను. అది వాళ్ళ సెలవు. నాకు డ్యూటీ. ఇప్పుడు అదే నా సెలవంటున్నారు, డిసెంబరులో నన్ను ఇంటికి పంపనంటున్నారు. నా కూతురు నాకోసం బాప్తిస్మం ఆపుకుని కూర్చుంది."

ఎవరూ స్తోత్రం అనలేదు. విక్టర్ అన్న జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, కుర్చీల వైపు చూశాడు, ఇంగ్లీషులో ఏదో అన్నాడు, పొట్టిగా. ఎస్తేరు ఎంతో కృతజ్ఞతతో ఉంది, కూతురి కోసం ప్రార్థన చెయ్యమంటోంది. అంత మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు.

"అన్నా, నేనట్ట అనలేదు."

"కూర్చో అమ్మా. తర్వాత మాట్లాడుకుందాం."

"మీరు చెప్పకపోతే నేనే చెప్పుకుంటాలే." మేడమ్ వైపు తిరిగాను. నా వంటింటి ఇంగ్లీషులోనే అన్నాను. "మేడమ్, ఇటలీ మీ హాలిడే. నాకు డ్యూటీ. నా హాలిడే ఇంకా ఇవ్వలేదు మీరు."

మేడమ్ మొహం జల్లాఖ్ ఎండలో తొక్కి వచ్చినప్పటికన్నా ఎర్రబడింది. సార్ వంక చూసింది, సార్ నేల వంక చూశారు. పాప కదిలి గుక్క పట్టబోయింది, నా చేతులు వాటంతటవే ముందుకి పోబోతుంటే వెనక్కి కట్టుకున్నాను. ఇక్కడ కాదు ఎస్తేరు, ఇంటికెళ్ళాక మాట్లాడదాం అంది మేడమ్, మెల్లగా, నలుగురికీ వినబడకూడదన్నట్టు.

"ఇంట్లో అడిగాను మేడమ్. ఇంట్లో మీరు ఫొటో చూపించి వెళ్ళిపోయారు."

"ప్రార్థన చేద్దాం" అన్నాడు విక్టర్ అన్న గట్టిగా. "అందరూ కళ్ళు మూసుకోండి." మూసుకున్నాడు, తనొక్కడే. కిటికీ వైపు ఒక్క ఆడదీ కళ్ళు మూసుకోలేదు. సుబ్బాయమ్మ మోకాళ్ళ మీద లేచి మరీ చూస్తోంది. అన్ని కళ్ళూ ఆ తెల్ల గుడ్డ పరిచిన కుర్చీ మీదే ఉన్నాయి, విక్టర్ అన్న ఒక్కడే చీకట్లో పరలోకమందున్న తండ్రిని పిలుస్తున్నాడు.

"డిసెంబరని చెప్పండి మేడమ్" అన్నాను. "అప్పుడు కూర్చుంటాను."